మేరీల్యాండ్ చీటీల పెట్టె

నేను చీటీల పెట్టెను. 1801 ఫిబ్రవరి 11న, వాషింగ్టన్‌లో ఇంకా పూర్తికాని కాపిటల్ భవనంలో, మేరీల్యాండ్ ప్రతినిధుల ఓట్లు నాలో పడ్డాయి. బయట మంచు ముంచెత్తుతోంది. లోపల అమెరికాకు మూడో అధ్యక్షుడెవరో తేలాలి.

గొడవ పాతదే. జాతీయ బ్యాంకు కావాలి, కేంద్రం బలంగా ఉండాలి అని హామిల్టన్ పట్టు. అధికారమంతా ఒకచోట చేరితే రాష్ట్రాలకూ రైతులకూ ముప్పని జెఫర్సన్ భయం. ఒకే మంత్రివర్గంలో కూర్చున్న ఆ ఇద్దరి వెనకా దేశం చీలి, హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, జెఫర్సన్ వైపు రిపబ్లికన్లు పుట్టారు. పార్టీ పగలు వద్దని 1796లో జార్జ్ వాషింగ్టన్ చేసిన హెచ్చరిక ఎవరి చెవికీ ఎక్కలేదు. ప్రభుత్వాన్ని దూషిస్తూ రాస్తే జైలేనని 1798లో ఫెడరలిస్టులు చట్టం తెచ్చారు. వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్ ఆ చట్టం కింద జైలుకెళ్లి, జైల్లో ఉండగానే మళ్లీ గెలిచాడు.

రాజ్యాంగం రాసినవాళ్లు పార్టీలను ఊహించలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఒక్కో ఎలక్టరుకు రెండు ఓట్లిచ్చారు గానీ, ఏది అధ్యక్షుడికో ఏది ఉపాధ్యక్షుడికో విడదీయలేదు. దాంతో రిపబ్లికన్లు అధ్యక్షుడిగా అనుకున్న జెఫర్సన్‌కూ, ఉపాధ్యక్షుడిగా అనుకున్న బర్‌కూ చెరి 73 వచ్చాయి. పదవిలో ఉన్న ఫెడరలిస్టు అధ్యక్షుడు ఆడమ్స్ 65తో ఓడిపోయాడు. తీర్పు ప్రతినిధుల సభ చేతికొచ్చింది. రాష్ట్రానికి ఒక్క ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి. జెఫర్సన్‌ను ఎలాగైనా ఆపాలని ఫెడరలిస్టులు బర్ పక్షం చేరారు. బర్ వద్దంటూ హామిల్టనే ఉత్తరాలు రాసినా వినలేదు. జెఫర్సన్‌కు 8, బర్‌కు 6. మేరీల్యాండ్, వెర్మాంట్ రెండుగా చీలిపోయాయి.

నాలో పడేవి ఎనిమిది చీటీలు. తీసి చూస్తే నాలుగూ నాలుగూ. జెఫర్సన్ వైపు నలుగురిలో జోసెఫ్ నికల్సన్‌కు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ మంచులోనే మోసుకొచ్చి పక్కగదిలో పడుకోబెట్టారు. భార్య పక్కనే ఉండి మందిస్తోంది. ఓటు వేళయినప్పుడల్లా నన్ను ఆ మంచం దగ్గరికి తీసుకెళ్లేవారు. నీరసించిన చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి చీటీ వదిలేది. ఆ ఒక్కటీ పడకపోతే మేరీల్యాండ్ బర్‌దే.

ఇలా 35 సార్లు. మార్చి 4లోగా తేలకపోతే దేశానికి అధ్యక్షుడే ఉండడు. డెలావేర్‌కు ఒకే ఒక్క ప్రతినిధి, ఫెడరలిస్టు జేమ్స్ బేయర్డ్. రాజ్యాంగం కూలడం కన్నా పంతం వదలడమే మేలని అతను దిగొచ్చాడు, అతని వెంట మరికొందరు ఫెడరలిస్టులూ తగ్గారు. ఫిబ్రవరి 17న, 36వ సారి, నన్ను తెరిచారు. నాలుగు చీటీల మీద జెఫర్సన్ పేరుంది. మిగతా నాలుగూ ఖాళీ. వెర్మాంట్ ఫెడరలిస్టు సభకు రాలేదు, జైలుకెళ్లొచ్చిన లయన్ ఓటే ఆ రాష్ట్రం ఓటైంది. 10 రాష్ట్రాలతో జెఫర్సన్ గెలిచాడు.

పగలు చల్లారలేదు. 1804లో ద్వంద్వయుద్ధంలో బర్ తుపాకికి హామిల్టన్ బలయ్యాడు. అదే ఏడాది 12వ సవరణ అధ్యక్ష, ఉపాధ్యక్ష ఓట్లను విడదీసింది. ఫెడరలిస్టులకు అధ్యక్ష పదవి మళ్లీ దక్కలేదు.

అయినా 1801 మార్చి 4న అధికారం ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి నెత్తురు చిందకుండా మారింది. ప్రత్యర్థి పేరు రాయడానికి మేరీల్యాండ్‌లోని ఆ నలుగురు ఫెడరలిస్టులకూ చెయ్యి రాలేదు. దారికి అడ్డంగా నిలబడడానికీ మనసు రాలేదు. నా మట్టుకు నాకు, ఆ నాలుగు ఖాళీ చీటీలూ జ్వరంతో వేసిన చీటీ అంత విలువైనవే.