క్యాండీ వెళ్లొచ్చిన చేతికర్ర

నేను పేము కర్రని. నన్ను వేలూరులో కొన్నారు. ఆసుపత్రి ఎదుటి వీధిలో చంకకర్రలు, నడుం పట్టీలు అమ్మే కొట్టు ఒకటుంది. మోకాలి ఆపరేషనుకని తెనాలి నుంచి వచ్చిన టీచరమ్మగారు అక్కడ ఒక్కో కర్రనీ నేలకు ఆనించి, బరువు మోపి చూసి, చివరికి నన్ను తీసుకున్నారు. నా పిడిని వేడి మీద వంచారు. అడుగున నల్లటి రబ్బరు తొడుగు వేశారు. ఆ తొడుగే నాకు పాదం. అది లేకపోతే నున్నటి బండ మీద నేను జారతాను, నన్ను నమ్ముకున్న మనిషీ జారుతుంది.

ఊరికి బయల్దేరే ముందు ఆవిడ ఆటో మాట్లాడుకుని పాలారు ఒడ్డుకు వెళ్లారు. అక్కడి ముత్తుమండపంలో సింహళంలోని క్యాండీకి ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి సమాధి ఉంది. ఏళ్ల తరబడి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పిన మనిషి కదా, ఎవరూ అడక్కుండానే ఆటో అబ్బాయికి అంతా చెప్పేశారు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులూ నాయకరాజులే. మదురై నాయకులతో చుట్టరికం ఉన్నవాళ్లు, మూలంలో తెలుగువాళ్లు. 1815లో ఇంగ్లీషువాళ్లు రాజ్యం లాక్కున్నారు. రాజును తెచ్చి వేలూరు కోటలో ఉంచారు. 1832లో ఆయన ఇక్కడే కన్నుమూశాడు. "పోయిన చోటు చూశాను, ఏలిన చోటు కూడా చూడాలి" అన్నారావిడ, నా పిడి గట్టిగా పట్టుకుని.

కొడుకు ఉద్యోగం కొలంబోలో కావడంతో ఆ మాట నెరవేరింది.

"అమ్మా, ఆదివారం దాకా ఆగు. కార్లో నేనే తీసుకెళ్తాను" అన్నాడతను.

"పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చటగా. రైల్లో వెళ్తాన్రా. నాకు కర్రుంది."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

కొలంబో ఫోర్ట్ స్టేషను ముందు ఆల్కాట్ దొర విగ్రహం ఉంది. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి మొదటి అధ్యక్షుడాయన. సింహళంలో బౌద్ధుల బడుల కోసం పాటుపడ్డాడు. ఆయనకో నమస్కారం పెట్టి, కొడుకును ఆఫీసుకు పంపేసి, టికెట్టు పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాం.

ఆ దేశపు పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజీ అంతే. పెట్టె మెట్టు మాత్రం ఎత్తుగా ఉంది. లోపలున్న ఒక కుర్రవాడు మేలు చేద్దామనే నా కింది కొస పట్టుకుని పైకి లాగాడు. ఆవిడ బరువంతా నా మీదే ఉంది. నేను గాల్లోకి లేచేసరికి ఆవిడ తూలిపోయారు. ఇంతలో సామాన్లు మోసే పెద్దాయన ఒకరు మూట దించేసి వచ్చి నిలబడ్డాడు. ఆవిడను ముట్టుకోలేదు, లాగలేదు. తన ముంజేతిని అడ్డంగా చాపి, కదలకుండా ఉంచాడంతే. ఆవిడ ఆ చేతిని పట్టుకుని, నన్ను మెట్టు మీద మోపి, తన వీలు చూసుకుని ఎక్కారు. ఆ చెయ్యి చెట్టుకొమ్మలా నిలబడింది. నాకు అప్పుడే అర్థమైంది, ఆసరా అంటే ఎలా ఉండాలో.

రిజర్వేషన్ లేని రెండో తరగతి పెట్టె, కిటకిటలాడుతోంది. పేరాదెణియ విశ్వవిద్యాలయంలో చదువుకునే అమ్మాయి లేచి చోటిచ్చింది. దారి పొడుగునా తాను నిలబడే వచ్చింది. నేను పడిపోకుండా ఒక చేత్తో నన్ను పట్టుకుంది కూడా. రంబుక్కన దాటాక ఎక్కుడు మొదలైంది. ఇంజను రొద మారింది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టేవాళ్లు. ఒక పక్క కొండ రాయి, ఇంకో పక్క లోయలో మడులు. బైబిల్ కొండ అని పిలిచే బతలేగలను ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఈ దారిలో క్యాండీ దాకా రైలు వచ్చింది 1867లో. కొండల మీది కాఫీని రేవుకు దించడానికి వేశారు. అదే ఏడు జేమ్స్ టేలర్ అనే తోటదొర లూల్‌కందుర ఎస్టేటులో తేయాకు నాటాడు. తర్వాత ఆకుతెగులు కాఫీ తోటల్ని తుడిచిపెట్టేసింది. రైలు మిగిలింది, తేయాకు ఎక్కింది. తోటల్లో చాకిరీ చేసిందంతా తమిళనాడు నుంచి వచ్చిన కూలీ జనమే. టీచరమ్మగారు ఇంగ్లీషులో అడగడం, ఆ అమ్మాయి చెప్పడం. పేరాదెణియ జంక్షన్‌లో ఆ పిల్ల దిగిపోతుంటే ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

క్యాండీలో దిగేటప్పుడు నా కొస ప్లాట్‌ఫారం సందులో ఇరుక్కుంది. బయటికి లాగేసరికి రబ్బరు తొడుగు ఊడి పట్టాల మీద పడిపోయింది. ఇక అడుగడుగునా టక్కుటక్కుమని జారడమే. ఆవిడ చెయ్యి చెమట పట్టింది.

స్టేషను బయట గొడుగు కింద ఒక ముసలాయన చెప్పులు కుడుతున్నాడు. ఆయనది తాతల కాలంలో తిరుచ్చి పక్కనుంచి తోటలకు వచ్చిన కుటుంబం. ఈవిడకు వేలూరులో అబ్బిన నాలుగు ముక్కల తమిళం ఇప్పుడు అక్కరకొచ్చింది. ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని, కొసను వేలితో తడిమి చూశాడు. పాత టైరులోంచి గుండ్రంగా ఒక బిళ్ల కోశాడు. నా చివర గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి అంటించాడు. చిన్న శీలలు దిగ్గొట్టి, తలలు రబ్బరులోకి పూర్తిగా మునిగాయో లేదో గోటితో చూశాడు. సైకిల్ ట్యూబు పట్టీ చుట్టూ బిగించి, మైనం దారంతో కుట్టాడు. అక్కడితో ఊరుకోలేదు. లేచి, నా మీద బరువు మోపి, తడి బండ మీద తానే నాలుగడుగులు నడిచి చూశాడు. ఆ తర్వాతే నన్ను ఆవిడ చేతికిచ్చాడు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మాళిగావలో నా పేర ఒక పువ్వు పెట్టండమ్మా" అన్నాడు.

దళదా మాళిగావలో బుద్ధుడి దంతధాతువును పెట్టిన మేడ ముందు ఆవిడ రెండు తామరలు పెట్టారు, ఒకటి ఆయన పేర. విక్రమ రాజసింహుడు కట్టించిన ఎనిమిది పలకల మంటపం, 1807లో తవ్వించిన చెరువు చూశారు. చెరువు గట్టు వెంట మేము చాలాసేపు నడిచాం. నేను ఒక్కసారి కూడా జారలేదు.

తిరుగు రైల్లో భార్యాభర్తలూ చిన్న పాపా మా ఎదుటి సీటులో కూర్చున్నారు. సంచిలోంచి రంబుటాన్ పళ్లు తీసి, ఒలిచి మరీ ఆవిడ చేతిలో పెట్టారు. ఫోర్ట్‌లో దిగేసరికి చీకటి పడింది. ఆవిడ ఫోనులో ఛార్జింగు అయిపోయింది. పాప తండ్రి తన ఫోనుతో ఆవిడ కొడుక్కి కబురు చేశాడు. వాళ్లు ఇంటికి ఇంకో లోకల్ రైలెక్కాలి. అది కళ్ల ముందే వెళ్లిపోయింది. అయినా కొడుకు కారు వచ్చి ఆగేదాకా ముగ్గురూ మాతోనే నిలబడ్డారు. పాప నా పిడి పట్టుకుని ఊగుతూ ఆడుకుంది.

తెనాలి వచ్చాక కొడుకు కొత్త తొడుగు పంపించాడు. ఆవిడ వెయ్యనివ్వలేదు. నా కొసకు ఇప్పటికీ ఆ టైరు ముక్కే ఉంది.

ఇది చదివేవాళ్లకు నాదొక మనవి. రైలు గుమ్మం దగ్గర కర్రతో ఉన్న పెద్దవాళ్లు కనిపిస్తే దయచేసి కర్రను లాగకండి. చంక కింద చెయ్యేసి ఎత్తకండి. మీ ముంజేతిని చాపి కదలకుండా ఉంచండి. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు అడుగు వెయ్యాలో వాళ్లకు తెలుసు. దిగేటప్పుడైతే మీరు ముందు దిగి, వాళ్లకు ఎదురుగా నిలబడండి.