జుట్టు విరబోసుకొన్న రాగి పిల్ల

నాకు సురాపానము లేదు, పేకాట లేదు, పొడుమైనను లేదు. ఇట్టి నిర్వ్యసనుని చూచి యోర్వలేని దైవము, ఉద్యోగమను మిషమీద నన్ను ఫిలడెల్ఫియాకు తెచ్చి, ఆ యూరి టంకసాలలో 1793 మొదలు 1857 వరకు కొట్టిన పెద్ద రాగి సెంట్ల పిచ్చిని తగిలించినది. మన పాత వెండిరూపాయి కంటె రవంత చిన్నదై, ఎందరి చేతిచెమటకో అరిగి, వక్కపొడి రంగు తేలిన యీ బిళ్ల విలువ డాలరులో నూరవవంతని నాటి ప్రభుత్వమువారు శాసించిరి. 1794 నాటి సెంటొకదానికి నేనిచ్చిన వెల మాత్రము నాకును, అమ్మినవానికిని, భగవంతునికిని తప్ప అన్యులకు తెలియదు. మా యింటిదానికి తెలియనీయకుండుటకు నేను పడు తపస్సు వేరొక వ్యాసమునకు చాలినంత కలదు.

ఏడాదికొక సెంటు చొప్పున కూర్చుకొనువాడు ఇంకను మనుష్యులలో లెక్క. 1815 తేదీ వేసిన సెంటే లేదు గనుక వానికి ఒక యేటి ఖర్చు కూడ కలిసివచ్చును. అచ్చున కొక్కటి చొప్పున కావలెనను మావంటివారి గతి అది కాదు. ఆ తొలినాళ్లలో ఉక్కు అచ్చుమీద అక్షరములను, అంకెలను ఒక్కొక్కటిగా ముద్రకడ్డీ నిలిపి సుత్తితో మోది దింపెడివారు. పనివాని చేయి రవంత బెసికిన తేదీలోని 4 ఒరగును, బొరుసున నున్న దండలోని ఆకుకొన ఒక యక్షరము తప్పి మరియొక దాని క్రిందికి జరుగును. అచ్చు నెఱ్ఱె వాసెనా, ఆ నెఱ్ఱెయే సెంటుమీద గీతయై నిలుచును. 1794 ఒక్క యేటనే ఇట్టి భేదములు ఏబదికి మించి కలవు. 1801లో ఒక మహానుభావుడు బొరుసు అచ్చొక దానిలోనే మూడు ఘనకార్యములు సాధించెను: ఆకుల దండకు రెండు కాడలకు మారు ఒక్కటే యుంచెను, 'యునైటెడ్' మొదటి యక్షరమును రెండు నిలువుగీతలుగా దింపెను, 1/100 అని యుండవలసినచోట 1/000 అని కొట్టెను. సున్నతో భాగింపగా వచ్చినది ఖహరమనియు, అది యనంతమనియు భాస్కరాచార్యుడు చెప్పియున్నాడు గదా! ఆ పనివాడు ఎరుగకయే సెంటునకు అనంతమైన వెల కట్టినాడు. నేటి వర్తకులు ఆ లెక్కనే శ్రద్ధగా అనుసరించుచున్నారు.

మన ఆలంకారికులు ఎనిమిది విధముల నాయికలతో తృప్తిపడిరి. ఎడ్వర్డ్ మారిస్ అను వైద్యుడు తృప్తిపడలేదు. 1794 సెంట్లపై నున్న స్వేచ్ఛాదేవి ముఖములను తన రోగుల ముఖములను చూచునంత నిదానముగా పరిశీలించి, వగలాడి యని, తలకు గాయమైనది యని, రెండు గడ్డములది యని ఒక్కొక్కదానికి నామకరణము చేసి 1869లో పుస్తకమచ్చొత్తించెను. తరువాత వచ్చిన షెల్డన్ మానవదేహములను మూడు జాతులుగా విభజించిన మనశ్శాస్త్రజ్ఞుడు. 1949లో సెంట్ల శాస్త్రము వ్రాసి, ఒకటి మొదలు డెబ్బది వరకు నాణెముల నాణ్యతకు మార్కులు నిర్ణయించెను. న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీవారి మేలి సెంట్లను తన నాసివానితో ఆయనయే మార్చివేసెనని పిమ్మట బయటపడినది. ఆ సంగతి చదివిననాడు నాకు కోపము రావలెను. వచ్చినది మాత్రము, ఇంతటివానికే తప్పలేదు గదా యను ఊరట.

నా సెంటు ఏ యచ్చుదో తేల్చుటకు మూడువారములు భూతద్దముతో కూర్చుంటిని. అంతలో మా యమ్మ ఆరునెలలకని వచ్చినది. బల్లమీద తెరచియున్న పుస్తకములో 1793 నాటి తొలి సెంటు బొమ్మ చూచి నిలిచిపోయినది.

"ఎవర్తెరా ఈ పిల్ల? జుట్టలా విరబోసుకుంది! తలకింత నూనె రాసే దిక్కు లేదూ?"

"స్వేచ్ఛాదేవే అమ్మా."

"దేవతా? దయ్యాన్ని చూసి జడుసుకున్నట్టుంది."

నేను నివ్వెరపోతిని. ఆమె భయపడినట్లున్నదని 1793లోనే పత్రికలో వ్రాసిరి. బొరుసున పదునైదు రాష్ట్రములకు గుర్తుగా పదునైదు లంకెల గొలుసు వేయగా, స్వేచ్ఛకు సంకెళ్లు తగునా యని కూడ జనము దెప్పిపొడిచిరి. అదే యేడు గొలుసు పోయి ఆకుల దండ వచ్చినది.

అమ్మ నా సెంటును అందుకొన్నది. అరువదియేండ్లుగా బియ్యములో రాళ్లేరిన కన్ను, భూతద్దము ముట్టుకొనలేదు. కిటికీవైపు త్రిప్పి, ఒక్క క్షణము చూచి, "దీనికి గడ్డం కింద ఇంకో గడ్డం ఉందిరా, అచ్చం మీ రాజమండ్రి అత్తలా" అన్నది.

ఆకుకొనలను కొలుచుచు మూడువారములు గడిపిన నేను, మారిస్ గారి పేర్ల జాబితా తీసి చూచి, తల వంచుకొంటిని.

"మంచి రాగేరా. ఇంత మురికి పట్టించావేం? కాస్త చింతపండు పడేయ్, తళతళలాడించి ఇస్తాను."

ఆ మురికియే దాని ప్రాయమనియు, ఒంటె వెండ్రుకల కుంచె తప్ప మరేదియు దానికి సోకరాదనియు, ఒక్కసారి తోమినచో దాని వెల సగమైనను నిలువదనియు చెప్పబోయితిని. వెల యను మాట వినగానే వంటింటిలో మా యింటిదాని గరిటె చప్పుడాగినది. నా నోరును ఆగినది. సెంటు లాగుకొని సొరుగులో పెట్టి తాళము వేసితిని. ఆ రాత్రియే చింతపండు డబ్బా కారులో దాచితిని.

మూడుదినములు మా యింట నిమ్మకాయ చారు కాచిరి. నిమ్మచెక్కతో కూడ రాగిని తోముదురని నాలుగవనాటి ఉదయము, స్నానము చేయుచుండగా నాకు స్ఫురించినది. తాళపుచెవి బల్లమీదనే వదలి వచ్చితిని.