దిగజారే దొరలకు లంబసింగి ఆహ్వానం

ఫుట్‌బాల్ క్లబ్బుల యజమానులకు, ఛైర్మన్లకు, సీఈఓలకు, వాళ్ల వెనకాల ఫైళ్లు మోసే సలహాదారులకు నమస్కారం.

పట్టికలో అంకె కిందికి జారుతుంటే తమకు నిద్ర పట్టడం లేదని విన్నాం. ఆ బాధ మాకు తెలీదు. అంకె ఎంత దిగితే అంత గిరాకీ ఉన్న ఊరు మాది. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం, లంబసింగి. డిసెంబరు వచ్చిందంటే మన్యంలో ఏ ఊళ్లో ఎన్ని డిగ్రీలో పేపర్లు రోజూ అచ్చేస్తాయి. మినుములూరు, జి.మాడుగుల, అరకు, పాడేరు, మేము... అందరి పోటీ అట్టడుగు స్థానం కోసమే. సున్నా దరిదాపులకు దిగిన రోజు మాకు కప్పు కొట్టినట్టే. విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి, హైదరాబాద్ నుంచి కార్లు రాత్రికి రాత్రే ఘాట్ ఎక్కేస్తాయి. టెంటు అద్దె పెరుగుతుంది, టీ ధర పెరుగుతుంది, బొంగు చికెన్ సంగతి అడగనే వద్దు. అంకె కాస్త పైకి పాకితే మాత్రం వ్యాపారం చేసుకునేవాళ్ల మొహాలు వేలాడిపోతాయి.

ఇంత అనుభవం ఉన్నవాళ్లం కాబట్టి, పడిపోవడం గురించి తమతో నాలుగు మాటలు మాట్లాడే అర్హత మాకుందనే అనుకుంటున్నాం. పెద్ద క్లబ్బులు ఎలా దిగజారతాయని టీవీల్లో పండితులు గంటలకొద్దీ చర్చిస్తారు. డిఫెన్సు బాగోలేదంటారు, మిడ్‌ఫీల్డర్‌కు మోకాలు నొప్పంటారు. పాపం ఆ మోకాలి మీద పడినన్ని నిందలు ఛైర్మన్ సంతకం మీద ఎప్పుడూ పడలేదు.

ముందుగా పూర్వీకులను స్మరించుకుందాం. 1937లో మాంచెస్టర్ సిటీ ఇంగ్లండు లీగు గెలిచింది. మరుసటి ఏడాది 80 గోల్స్ కొట్టింది, డివిజన్ మొత్తంలో ఎవరూ అన్ని కొట్టలేదు. అన్నీ కొట్టి 1938లో తిన్నగా కింది డివిజన్‌కు పోయింది. దిగజారడంలో అంత దర్జా మళ్లీ ఎవరికీ కుదరలేదు.

తర్వాతి తరంలో ఘనులు లీడ్స్ వారు. 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్లారు. రాబోయే పాతికేళ్ల టిక్కెట్ల రాబడిని ముందే చూపించి 6 కోట్ల పౌండ్ల అప్పు తెచ్చారు. అంటే అప్పటికి పుట్టని పిల్లలు పెద్దయ్యాక కొనబోయే టిక్కెట్ల డబ్బును కూడా ఆటగాళ్ల మీద పెట్టేశారన్నమాట. లెక్క చాలా తేలిక. ఏటా ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధిస్తే చాలు. మరుసటి ఏడాదే సాధించలేదు. ఆటగాళ్లను ఒక్కొక్కరినే అమ్మారు. 2004లో మొదటి మెట్టు దిగారు, 2007లో రెండో మెట్టు. లెక్కలు తవ్వినవాళ్లకు ఛైర్మన్ ఆఫీసులో చేపల తొట్టి కనబడింది. నెలకు 20 పౌండ్ల అద్దె అట. అప్పు 6 కోట్లుండగా జనానికి గుర్తున్నది చేపలే. మనుషుల జ్ఞాపకం అంతే, 20 పౌండ్లయితే అందరికీ అర్థమవుతుంది.

హాంబర్గ్ వారిది మరో రకం భక్తి. బుందెస్‌లీగా 1963లో పుట్టినప్పటి నుంచి ఒక్కసారీ కింద పడలేదని స్టేడియంలో గడియారం పెట్టుకున్నారు. ఏళ్లు, రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు. 2014లో ప్లేఆఫ్ ఆడి బతికారు, 2015లో మళ్లీ ప్లేఆఫ్ ఆడి బతికారు. గడియారం మాత్రం టంచనుగా తిరిగింది. 2018 మే నెలలో పడ్డారు. మళ్లీ పైకి రావడానికి ఏడేళ్లు పట్టింది.

అర్జెంటీనాలో పెద్దలు ఇంకొంచెం తెలివైనవాళ్లు. కొన్నేళ్ల పాయింట్ల సగటు తీసి, ఆ లెక్కన ఎవరు పడాలో తేల్చే పద్ధతి 1983లో తెచ్చారు. ఒక్క సీజన్ చెడినంత మాత్రాన పెద్ద ఇల్లు కూలకూడదని ఏర్పాటు. ఆ ఏడాదే రివర్ ప్లేట్ అడుగు నుంచి రెండో స్థానంలో ఉండి కూడా సగటు పుణ్యాన గట్టెక్కింది. 2011లో అదే సగటు అదే రివర్ ప్లేట్‌ను ప్లేఆఫ్‌లోకి, అక్కణ్నించి కింది డివిజన్‌కు ఈడ్చింది. బ్యూనస్ ఎయిర్స్‌లో అభిమానులు స్టేడియాన్ని రణరంగం చేశారు.

మొన్నటి ముచ్చట మరీ బాగుంటుంది. 2024-25 ఇంగ్లండు లీగులో మాంచెస్టర్ యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానం, టోటెన్‌హామ్ 38 పాయింట్లతో 17వ స్థానం. 20 జట్లలో చివరి మూడే పడతాయి గనుక, పైకి వచ్చిన మూడు కొత్త జట్లూ వీళ్లకన్నా అధ్వానంగా ఆడి పుణ్యం కట్టుకున్నాయి. ఆ మూడింట్లో ఒకటి 2016లో ప్రపంచమంతా నోరెళ్లబెట్టేలా టైటిల్ కొట్టిన లెస్టర్. 25 పాయింట్లు తెచ్చుకుని, రెండేళ్లలో రెండోసారి పడిపోయింది. ఇక 15, 17 స్థానాల వారేం చేశారు? మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ ఆడుకున్నారు. టోటెన్‌హామ్ 1-0తో గెలిచి ఛాంపియన్స్ లీగ్‌లోకి నడిచింది. లీగులో 22 మ్యాచులు ఓడినవారికి ఊళ్లో సన్మానం!

సరే, పరాయివాళ్ల గొడవ చాలు. మన ఇంటి సంగతికి వద్దాం.

2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, దాని స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్లో 18 మ్యాచులకు 10 పాయింట్లు, అట్టడుగు. ఫర్వాలేదు, అట్టడుగు జట్టును కింది డివిజన్‌కు దించే రెలిగేషన్ అప్పట్లో ఈ లీగులో లేదు. మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు, కుర్రాళ్లను నమ్మాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందంజలో ఉంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఛాంపియన్! ఆ సీజన్లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది లీగు పట్టికలో రెండో స్థానం. మొదటి సీజన్ తర్వాతే కింది డివిజన్‌కు నెట్టేసి ఉంటే ఈ కప్పు వచ్చేదా అని తమరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బహుశా వచ్చేది కాదు. మొలకకు కాస్త రక్షణ ఉండాలన్న వాదనను నేనూ కాదనను. అయితే ఆ రక్షణ చాటున ఏం పెరిగిందో కూడా చూడాలి కదా.

2023-24. మార్క్వెజ్ గోవా వెళ్లిపోయాడు. జీతాలు ఆగాయి. బకాయిల ఫిర్యాదులు ఫిఫా దాకా పోయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. ఒక్క జోవా విక్టర్ మిగిలాడు, చుట్టూ మీసాలు పూర్తిగా రాని కుర్రాళ్లు. 22 మ్యాచుల్లో ఒకటి గెలుపు, ఐదు డ్రా, 16 ఓటమి. మొత్తం 8 పాయింట్లు. కొట్టినవి 10 గోల్స్, తిన్నవి 43. రెండేళ్ల కిందటి ఛాంపియన్! 8 అంటే మా ఊళ్లో ఓ మోస్తరు చలి, టెంట్లు సగం ఖాళీగా ఉంటాయి.

జీతం రాని నెలలో బంతి వెంట పరుగెత్తిన ఆ పిల్లలను నేను వేళాకోళం చేయను. వాళ్లు ఓడిన ప్రతి మ్యాచుకూ కనీసం మైదానానికి వచ్చారు.

2024-25లో యాజమాన్యం మారింది, 13 జట్లలో 12వ స్థానం వచ్చింది. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియానికి మార్క్వెజ్ తిరిగొచ్చాడు. ఈసారి భారత జట్టు కోచ్‌గా. ఇంటర్‌కాంటినెంటల్ కప్పులో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. తను కప్పు తెచ్చిపెట్టిన ఊరికి ఇంతకన్నా మర్యాదగా ఎవరైనా సంతాపం తెలుపుతారా?

2025లో పేరు మారింది, ఊరు మారింది. హైదరాబాద్ ఎఫ్‌సీ కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇక్కడే మన దేశపు మేధకు నమస్కరించాలి. లీడ్స్ కింద పడినా లీడ్స్‌లోనే ఉంది. హాంబర్గ్ పడినా రేవు ఎక్కడికీ పోలేదు. మూడో డివిజన్ మ్యాచుకైనా ఆ ఊరివాడు ఆ ఊరి కండువా వేసుకుని వెళ్లాడు. మన దగ్గర జట్టు లీగులోంచి పడలేదు, ఊరు పడింది. పుణె పడింది, హైదరాబాద్ పడింది. పసుపు చొక్కాలు కుట్టించుకుని డెక్కన్ లెజియన్ పేరుతో గొంతు చించుకున్న అభిమానులు ఇప్పుడు ఏ డివిజన్లో ఉన్నారో ఏ పట్టికా చెప్పదు. 2019లో మన ఫుట్‌బాల్ పెద్దలు కౌలాలంపూర్‌లో కూర్చుని 2024-25 నుంచి రెలిగేషన్ తెస్తామని కాగితం రాసుకున్నారు. ఆ సీజన్ వచ్చింది, అయిపోయింది. అట్టడుగున నిలిచిన మహమ్మదన్ స్పోర్టింగ్ లీగులోనే నిలబడింది.

పడిన ఊరు ఎలాంటిదో కూడా చెప్పాలి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసులది. వాళ్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాది ఆయన పోయారు. మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలిసింది 2024లో అజయ్ దేవ్‌గణ్ నటించిన హిందీ సినిమా వచ్చాకే. మా ఏజెన్సీలో పోలీసులు కుర్రాళ్లకు వాలీబాల్ కిట్లు పంచుతుంటారు. ఫుట్‌బాల్ పంచితే పాత రోజులు గుర్తొస్తాయని భయమేమో.

అంచేత నాదో సవరణ. రెలిగేషన్ ఉండాలి. జట్టును కదపొద్దు, ఊరిని అసలే కదపొద్దు, యజమానిని దించండి. అట్టడుగున నిలిచిన క్లబ్బు ఛైర్మన్ మరుసటి సీజన్ మా జిల్లా లీగులో హాజరు వేయించుకోవాలి. బస్సు చార్జీలు సొంతం. వీఐపీ బాక్సు ఉండదు, గట్టు మీద నిలబడాలి. సున్నం గీతలు ఆయనే వేయాలి, బంతి తుప్పల్లో పడితే ఆయనే వెళ్లి తేవాలి. మ్యాచయ్యాక పిల్లలకు అరటిపళ్లు, మజ్జిగ పంచాలి, రశీదు దాచాలి. తిరిగి పైకి రావాలంటే పాయింట్లతో పనిలేదు. ఆటగాళ్ల దగ్గర నుంచి, కోచ్ దగ్గర నుంచి, బట్టలుతికినవాడి దగ్గర నుంచి జీతం పూర్తిగా ముట్టిందని సంతకాలు తెస్తే చాలు. ఒక్క సంతకం తగ్గినా ఇంకో సీజన్ సున్నమే.