పాసు పద్యం: నిమ్‌పురా టీకా తాత్పర్యం

అవతారిక

కొలచాల మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. మహానుభావుడు, నిలబెట్టుకున్నాడు. మాకు ఆ వీలు లేదు. మేము చేపట్టిన మూలం ఒక రైల్వే క్వార్టర్లో, పాత క్యాలెండరు కాగితం వెనక, ఇంటిఖర్చుల పట్టీకి పైన రాసి ఉన్న ఆటవెలది. ఇందులో రాసిన ఖర్చుకంటే రాయని ఖర్చే ఎక్కువ. కనుక లేనిదాన్ని గురించే ఎక్కువ చెప్పాలి.

కవి పేరు తెలియదు. దేశం ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా. కాలం వేసవి సెలవులకు కాస్త ముందు. సందర్భం ఇది: ఇంటి మనవడు వీపున బ్యాగు తగిలించుకొని యూరప్ అంతా రైళ్ల మీద తిరిగి రావాలనుకున్నాడు. ఎంతవుతుందో ల్యాప్‌టాప్‌లో గళ్లు గీసి లెక్కలు వేస్తున్నాడు. వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన తాతగారు అది చూసి, "రైలెక్కడానికి ఇంత లెక్కేమిటిరా" అని గోడ మీద కాగితం తిప్పి ఈ పద్యం చదివారు. మామ్మగారు వంటింట్లోంచి నవ్వారు. ఆ నవ్వుకి అర్థం టీకలో తేలుతుంది.

మూలం

పాసు చేతనుండ పైసతో పనియేమి
మూట కట్టినట్టి ముద్ద చాలు
రాత్రి బండి యెక్క రైలె సత్రంబయ్యె
నిజము సుమ్ము లెక్క నిమ్‌పురేశ

ప్రతిపదార్థం

నిమ్‌పుర + ఈశ = నిమ్‌పురాకు ప్రభువైనవాడా; పాసు = రైల్వేవారిచ్చు ఉచిత ప్రయాణపత్రము; చేతన్ + ఉండన్ = చేతిలో ఉండగా; పైసతోన్ = రొక్కముతో; పని + ఏమి = అవసరమేమున్నది; మూట కట్టినట్టి = ఇంట వండి గుడ్డలో ముడివేసిన; ముద్ద = ఆహారము; చాలున్ = సరిపోవును; రాత్రి బండి + ఎక్కన్ = రాత్రివేళ నడచు రైలు ఎక్కగా; రైలె = ఆ రైలే; సత్రంబు + అయ్యెన్ = పడుకొను చోటైనది; లెక్క = ఈ గణితము; నిజము సుమ్ము = సత్యము సుమా.

టీక

కవి వినాయకుణ్ణీ తలవలేదు, సరస్వతినీ తలవలేదు. 'పాసు' అని ఎత్తుకున్నాడు. రైల్వే ఇంట్లో మంగళాచరణం అదే. రైల్వే సర్వెంట్స్ పాస్ రూల్స్, 1986 ప్రకారం గ్రూప్ సి ఉద్యోగికి మొదటి ఐదేళ్లు ఏడాదికి ఒక సెట్టు, ఆపైన మూడు సెట్లు. సెట్టంటే పోనూ రానూ. అవి అయిపోతే ఏడాదికి నాలుగు సెట్ల పీటీవోలు, అంటే రాయితీ టికెట్ల ఆర్డర్లు, ఉన్నాయి, వాటికి చార్జీలో మూడోవంతు కట్టాలి. పీటీవో ఊసు కవి ఎందుకెత్తలేదని అడగవచ్చు. రెండు కారణాలు. పైస కట్టవలసి వచ్చేసరికి మొదటి పాదం కుప్పకూలుతుంది. పైగా పీ, టీ, వో మూడూ గురువులు, మగణం. ఆటవెలది గణాల్లో అది లేదు. ఖర్చయ్యేది ఛందస్సులో కూడా పట్టలేదంటే కవి అదృష్టవంతుడే.

'చేతనుండ' అన్నది కాగితం కాలపు ప్రయోగం. పాస్ క్లర్కు రాసిచ్చిన కాగితాన్ని తాతగారి తరం జేబులో పెట్టుకొని, జేబు మీద చెయ్యి పెట్టుకొని నిద్రపోయేది. 2020లో హెచ్ఆర్ఎంఎస్ ఈ-పాస్ వచ్చాక పాసు ఫోన్లోకి చేరింది. ఫోనూ చేతిలోనే ఉంటుంది కనుక పాఠం మార్చనక్కర్లేదు.

శంక: యూరప్ వెళ్లే కుర్రాడికి ఈ పద్యంతో ఏం పని? అక్కడ తాతగారి పాసు చెల్లదు కదా.

సమాధానం: అక్కడా పాసుంది. యూరప్ బయటివాళ్ల కోసం యూరైల్ పాసు 1959 నుంచీ అమ్ముతున్నారు. ఇప్పుడది 33 దేశాల్లో చెల్లుతుంది. అక్కడి కుర్రకారు కోసం 1972లో ఇంటర్‌రైల్ వచ్చింది, మొదట్లో 21 ఏళ్లు దాటనివాళ్లకి మాత్రమే. ఈ 21 దగ్గర వ్యాఖ్యాత ఒక నిమిషం ఆగాలి. మన పాసు నిబంధనల్లోనూ కొడుక్కి 21 నిండితే తండ్రి పాసులో పేరుండదు, ఇంకా చదువుకుంటున్నాడని కాలేజీవాళ్లు రాసిస్తే తప్ప. 'ఇక నీ చార్జీ నువ్వే పెట్టుకో' అనడానికి రెండు ఖండాల రైల్వేలూ ఒకే వయసుని ఎంచుకున్నాయి. తేడా ఒక్కటే, యూరైల్ పాసు కొనాలి, నిమ్‌పురా పాసు సర్వీసు చేసి సంపాదించాలి. ఏది చవక అన్నది ముప్పై ఐదేళ్లు కొలిమి దగ్గర నిలబడ్డవాణ్ణి అడిగితే చెబుతాడు.

'పైసతో పనియేమి': పద్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. మామ్మగారి నవ్వూ ఇక్కడిదే.

ముందు ఒక చరిత్ర చెప్పాలి. మద్రాసు వైపు వెళ్లే తూర్పు తీరపు లైనులో ఉత్తరభాగం, వాల్తేరు వరకూ, 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఆ కంపెనీదే. శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఆ పట్టాలు పట్టుకొనే ఖరగ్‌పూర్ వచ్చారు. నిమ్‌పురా, మథురాకాటి క్వార్టర్లలో తెలుగు మాట అలా స్థిరపడింది. ఫలితమేమంటే నిమ్‌పురా తెలుగువాడి చుట్టాలంతా ఒకే లైను మీద వరసగా ఉంటారు. ఇచ్ఛాపురంలో మేనత్త, పలాసలో పెద్దమ్మ, నౌపడలో వియ్యపురాలి అన్నగారు, ఆమదాలవలసలో పుట్టిల్లు, విజయనగరంలో మేనమామ, విశాఖలో ఈ మధ్యే ఫ్లాటు కొన్న చిన్నాన్న. ఖరగ్‌పూర్ నుంచి విశాఖ సుమారు 765 కిలోమీటర్లు. దారిలో దిగి మళ్లీ ఎక్కడానికి పాసులో వీలుంది.

ఇక అసలు సంగతి. టికెట్టు కొనుక్కుని వెళ్లేవాడికి ఒక సాకు మిగులుతుంది. పెళ్లికి రాలేకపోయాడనుకోండి, "నలుగురికి రానూపోనూ ఎంతవుతుందో చూశారు కదా" అనొచ్చు. చుట్టాలు నమ్మకపోయినా ఊరుకుంటారు. పాసున్నవాడికి ఆ సాకు లేకుండా చేశారు రైల్వేవాళ్లు. "మీకేటమ్మా, పాసుంది కదా" అన్న ఒక్క మాటకి తిరుగు లేదు. పెళ్లికి వెళ్లాలి, గృహప్రవేశానికి వెళ్లాలి, పెద్దకర్మకి వెళ్లాలి, పిల్ల పెద్దమనిషైతే వెళ్లాలి. వెళ్లిన ప్రతిచోటా చదివింపులు. బెంగాల్ నుంచి వస్తున్నారు కనుక ఆడపడుచుకి తాంతు చీర, పిల్లలకి రసగుల్లా డబ్బా. మూడు సెట్లున్నవాడు మూడుసార్లు ఖర్చవుతాడు.

అంతటితో పోదు. పద్యంలోనూ కింది పట్టీలోనూ లేని ఖర్చు మరొకటుంది. పలాస పెద్దమ్మగారి ఇంట్లో రెండు రాత్రులు పడుకుంటే పడకకి పైస ఇవ్వక్కర్లేదు, నిజమే. కానీ ఆ దసరాకి పలాస మొత్తం కదిలి, కలకత్తా కాళీమాతని చూస్తామని నిమ్‌పురా దిగుతుంది. రెండు గదుల క్వార్టరు. వచ్చినవాళ్లని విక్టోరియా మెమోరియల్‌కి తీసుకెళ్లాలి, వీలైతే దీఘా సముద్రానికీ తీసుకెళ్లాలి. యూరప్‌లో మనవడు హాస్టల్లో మంచానికి రోజుకింతని కడతాడు. అది చూసి తాతగారు "పడుకోడానికి డబ్బులా" అని ఆశ్చర్యపోయారు. మామ్మగారి మతం వేరు: హాస్టలువాడు డబ్బు తీసుకున్నాక మళ్లీ మన ఇంటికి పదిమందితో రాడు. ఈ విషయంలో వ్యాఖ్యాత మామ్మగారి పక్షమే.

క్యాలెండరు కాగితం మీద పద్యం కింద ఉన్న పట్టీ కూడా మూలంలో భాగమేనని మా నిశ్చయం. ఆటో, కూలీ, చీర, మిఠాయి, చదివింపులు అని వరసగా రాసి, చివర 'ఇతరములు' అని ఉంది. పైవన్నీ కూడితే ఎంతో, ఇతరములు ఒక్కటే దానికి మించి ఉంది. ఏ యాత్రాగణితంలోనైనా ముందు చూడవలసింది ఈ గడినే. మనవడి పట్టీలో ఇతరములు చిన్నదిగా కనబడి మేమే విప్పించాం. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకి సరిపోయే ప్రయాణబీమా ఉండాలి, దాని ప్రీమియం వేరు. చేతిలో పాసున్నా ఫ్రాన్సులో టీజీవీకి, ఇటలీ, స్పెయిన్‌లలో వేగపు బళ్లకి సీటు రిజర్వేషన్ రుసుము విడిగా కట్టాలి. బ్యాగు దాచుకునే లాకరుకి కట్టాలి. చాలా స్టేషన్లలో మరుగుదొడ్డికి నాణెం వెయ్యాలి. 'పైసతో పనియేమి' అన్న కవిని ఒక్కసారి ఆ మరుగుదొడ్డి గుమ్మం ముందు నిలబెట్టాలని ఉంది.

'మూట కట్టినట్టి ముద్ద': ముద్ద అంటే పులిహోర. మొదటి రోజుకి అదే. రెండో రోజుకి చపాతీలు, ఆవకాయ. ఇక్కడ పాఠాంతరముంది. ఖరగ్‌పూర్‌లోనే పుట్టిపెరిగిన తరం ఈ పాదాన్ని 'మూరి మూటనుండ ముద్దలేల' అని చదువుతుంది. మూరీ అంటే మరమరాలు. మేదినీపూర్ వైపు మూరీ లేని సంచీ ఉండదు. పచ్చిమిరపకాయా, ఉల్లిపాయా, కాస్త ఆవనూనే ఉంటే భోజనమైనట్టే. యతి రెండు పాఠాల్లోనూ కుదిరింది, కడుపు దేనితో నిండుతుందన్నది పాఠకుడి వయసుని బట్టి ఉంటుంది. యూరప్‌కి మూరీ పాఠమే మేలు. బరువుండదు, పాడవదు. అక్కడ హోటల్లో కూర్చుని తినడం మానేసి సూపర్‌మార్కెట్లో రొట్టె, జున్ను, పళ్లు కొనుక్కుని రైల్లో తింటే తిండిఖర్చు బాగా తగ్గుతుంది. అదీ మూట కట్టిన ముద్దే. స్విట్జర్లాండులో ఈ పాదం పారాయణ చెయ్యడం తప్పనిసరి. హంగరీలోనో చెక్ దేశంలోనో కాస్త సడలించవచ్చు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో కలకత్తా, జగన్నాథం, శ్రీకాకుళం మీదుగా చెన్నపట్నం చేరినప్పుడు ఈ తీరంలో రైలు లేదు. పాసూ లేదు. ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుందో రాసుకుంటూ సాగాడు. యాత్రకి బడ్జెట్టు రాయడంలో తెలుగువాడికి ఆయనే గురువు, మన కవి కాదు.

'రాత్రి బండి యెక్క రైలె సత్రంబయ్యె': ఇది సగం నిజం. సాయంత్రం ఖరగ్‌పూర్‌లో కోరమాండల్ ఎక్కినవాడు నిద్ర లేచేసరికి విశాఖ. వాడికి రైలే సత్రం. పలాసలో దిగవలసినవాడు మరో బండెక్కి ఏ అర్ధరాత్రి దాటాకో దిగుతాడు. ఎక్కడ దాటిపోతుందోనని బరంపురం నుంచే కళ్లు తెరుచుకుని కూర్చుంటాడు, దిగాక తెల్లవారేదాకా ప్లాట్‌ఫారమే సత్రం. కనుక కవి విశాఖవైపువాడని మా ఊహ. మనవడికి మాత్రం ఈ పాదం బాగా పనికొస్తుంది. యూరైల్‌లో చాలా పాసులకి ప్రయాణదినాలు లెక్కపెట్టి ఇస్తారు. మధ్యలో మారకుండా ఒకే రాత్రిబండిలో వెళితే, తెల్లారి దిగినా బయలుదేరిన రోజు ఒక్కటే లెక్కకొస్తుంది. దినమూ కలిసొచ్చింది, హాస్టలు రాత్రీ కలిసొచ్చింది. అయితే ఆస్ట్రియావాళ్ల నైట్‌జెట్ లాంటి బళ్లలో పాసుంటే చాలదు, పడకకి విడిగా కట్టాలి. కవి 'సత్రం' అన్నాడు, అక్కడివాళ్లకి సత్రం సంగతి తెలియదు.

ఇంత చెప్పిన కవి తిరుగు ప్రయాణం ఊసెత్తలేదు. నాలుగు పాదాల్లో ఉన్నదంతా సగం సెట్టే. తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ జాడీ, పలాస జీడిపప్పు, బెల్లం దిమ్మలు, అల్లుడికని ఇచ్చిన బియ్యం బస్తా. వెళ్లేటప్పుడు నాలుగు సంచులు, వచ్చేటప్పుడు పదకొండు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని ఊరంతా చెప్పుకునేవారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. బియ్యం బస్తా మోసే కూలీకి మాత్రం ఆ మీటర్లు ఒక్కటీ తగ్గలేదు, రేటూ తగ్గలేదు. మనవడికి ఈ బాధ లేదు. వీపున ఎంత పడుతుందో అంతే తెస్తాడు. వీపున బ్యాగు తగిలించుకోవడంలోని అసలు ఆదా ఇదే.

'నిమ్‌పురేశ' ఎవరన్నదాని మీద రెండు మతాలున్నాయి. బజారు గుడిలో దేవుడని కొందరు, సెలవు మంజూరు చేసే ఫోర్‌మన్ అని కొందరు. రెండోదే యుక్తం. సెలవు దొరకనివాడికి మూడు సెట్లుండీ ఏం లాభం?

అలంకారం: అతిశయోక్తి అని తాతగారు. అసత్యోక్తి అని మామ్మగారు.

తాత్పర్యం

ఓ నిమ్‌పురేశా! పాసుంటే డబ్బక్కర్లేదు, ఇంటి తిండి చాలు, రాత్రి రైల్లో పడుకోవచ్చు, ఈ లెక్క నిజం అని కవి అంటున్నాడు. రైలు నడుస్తున్నంతసేపూ ఇది నిజమే. ఖర్చంతా రైలు ఆగినచోట ఉంది. అందుచేత పట్టీ రాసేవాడు ఎన్ని కిలోమీటర్లని కాక ఎన్నిచోట్ల దిగుతున్నాడని లెక్కపెట్టుకోవాలి. పది దేశాలు పది రోజుల్లో చూడాలన్న మనవడి పట్టీలో మేము సగం ఊళ్లు కొట్టేయించాం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా కొట్టేయించగలిగే శక్తి మాత్రం ఏ వ్యాఖ్యాతకీ లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని వేసవికి ముందు చదివినవారికి బెర్తు దొరుకుతుందని మేము చెప్పబోము. పాసున్నా రిజర్వేషన్ చేయించుకోవలసిందే. 2024 నవంబరు 1 నుంచి అది ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, పొద్దున 8 గంటలకి. మే నెలలో పెళ్లి ఉన్నవారు పద్యం తర్వాత చదువుకోవచ్చు, ముందు మార్చి క్యాలెండరులో రిజర్వేషన్ తెరుచుకునే తేదీకి చుట్టు గీసుకోండి.