సహిత విద్య: నిర్వచనం, నిర్మాణం, వాలు

సహిత విద్య అంటే వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి చదువుకోవడం, బోధన కూడా వాళ్ల అవసరాలకు తగ్గట్టు మారడం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పే అర్థం ఇది. అడ్మిషన్ల సీజనులో వెలిసే ఫ్లెక్సీల ప్రకారమైతే, మెట్ల పక్కన సిమెంటు వాలు ఒకటి పోసిన ప్రతి భవనమూ సహిత విద్యాలయమే. వాడుకలో ఉన్నది ఈ రెండో నిర్వచనం కాబట్టి వివరణ కూడా దానితోనే మొదలవుతుంది.

ముందుగా పేర్లు. వికలాంగులు విభిన్న ప్రతిభావంతులయ్యారు, 2015 చివరికి దివ్యాంగులయ్యారు. దివ్యత్వం అబ్బినా బడి మెట్టు మాత్రం ఒక్క అంగుళమైనా దిగలేదు.

ఆ వాలుకు, అంటే ర్యాంపుకు, ఒక లెక్క ఉంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. వరండా రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు 24 అడుగులు సాగాలి, రెండు పక్కలా కడ్డీలు ఉండాలి, పైన చక్రాల కుర్చీ తిరగడానికి చదునైన జాగా ఉండాలి. చాలా బడుల్లో కనిపించేది మాత్రం ఏడెనిమిది అడుగుల్లోనే పని ముగించే రకం. దాని మీద కుర్చీ ఎక్కించాలంటే వెనక నుంచి ఇద్దరు తోయాలి. దింపేటప్పుడు ఇంకో ఇద్దరు అడ్డం పడాలి. ఒంటరిగా దిగే సాహసం చేసిన పిల్లవాడు నేరుగా జెండా దిమ్మె దగ్గర తేలతాడు.

అలాగని ర్యాంపు వల్ల ఉపయోగాలు లేవనడం అన్యాయం. హెడ్మాస్టరు గారి బండి ఎండ తగలకుండా వరండాలోకి చేరేది దాని మీదుగానే. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఎక్కేది దాని మీదుగానే. ఇంటర్వెల్‌లో అది జారుడుబల్ల. వేసవి సెలవుల్లో పక్కింటివాళ్ల వడియాలకు అంతకంటే మంచి ఎండ ఊళ్లో మరెక్కడా తగలదు.

ఇక ర్యాంపు ఎక్కాక వచ్చేది గడప. నాలుగంగుళాల ఎత్తు. అది దాటితే తరగతి గది. తొమ్మిది, పది తరగతులు పై అంతస్తులో ఉంటాయి. తొమ్మిదికి వచ్చేసరికి ఆ పిల్లవాడికి కాళ్లొస్తాయని ఇంజనీరు గారి అంచనా కావచ్చు. అయినా బడుల వివరాలు నింపే యూడైస్ ఫారంలో గడపకు గడి లేదు, ర్యాంపుకు ఉంది. గడిలో ‘ఉంది’ అని పడితే చాలు. పక్క గడి మరుగుదొడ్డి: తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ, తలుపుకు తాళం, లోపల చీపుర్లు.

ర్యాంపు పూర్తి స్థాయిలో పనిచేసేది పోలింగ్ రోజున. బడి పోలింగ్ కేంద్రమయ్యే ముందు రోజు దానికి సున్నం పడుతుంది. తెల్లారేసరికి చక్రాల కుర్చీ వస్తుంది, తోయడానికి ఎన్‌ఎస్‌ఎస్ కుర్రాడు వస్తాడు, తోస్తుండగా తీయడానికి కెమెరా వస్తుంది. సాయంత్రం ఈవీఎంలు వెళ్లిన దారినే కుర్చీ కూడా వెళ్తుంది. 2024 ఎన్నికల్లోనైతే 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న ఓటరు కోరుకుంటే గుమ్మం దాటే పని కూడా లేకపోయింది. సిబ్బంది, పోలీసు, వీడియో కెమెరా సహా బ్యాలెట్ పత్రమే ఇంటికి వచ్చింది. మంచి పనే. అదే 40 శాతం ఉన్న పదేళ్ల పాప బడికి రాలేకపోతే, ఇంటికి వెళ్లాల్సిన టీచరు వారానికి ఒక్కసారి వెళ్తే గొప్ప, అదీ బస్సు ఉంటే. పద్దెనిమిది నిండగానే అందరికీ గుర్తొచ్చే మనిషి, పదేళ్లప్పుడు ఎవరికీ ఎందుకు గుర్తు రాడు? ఇది డబ్బు లేక జరుగుతున్నది కాదు. సిగ్గు లేక జరుగుతున్నది.

సిమెంటు తర్వాత మనుషులు. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. ఎన్ని పోస్టులు కావాలో తేల్చి నోటిఫై చేయండని అదే కోర్టు అదే కేసులో 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 2024 డీఎస్సీలో తెలంగాణ 11,062 పోస్టుల్లో 1,016 ప్రత్యేక విద్యకు ఇచ్చింది, అది ఒప్పుకోవాలి. అయినా చాలా ఊళ్లలో బరువంతా ఈ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాల రిసోర్సు టీచర్ల మీదే. మండలానికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. కాంట్రాక్టు జీతం, ఊరూరా తిరుగుడు.

వీళ్లు రాని రోజుల్లో తరగతి గది ఇలా ఉంటుంది. గోడ వారగా మూడో బెంచీలో వినికిడి లోపం ఉన్న అమ్మాయి. శిబిరంలో ఇచ్చిన చెవి మిషను బిళ్ల బ్యాటరీ పది రోజులకే అయిపోయింది. మిషను ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెబుతుంటే పెదవులు కనబడవు. అమ్మాయి పక్క పిల్ల పుస్తకంలోకి చూసి ఎక్కించుకుంటుంది. ఆ పిల్ల ‘భిన్నము’లో ఒత్తు మరిచిపోతే ఈ పుస్తకంలోనూ ఒత్తు ఉండదు. టీచరుకు చెప్పాల్సినవి రెండు తరగతులు, యాప్‌లో ఎక్కించాల్సినవి గుడ్ల లెక్కలు. హాజరు పట్టీలో అమ్మాయి పేరు ఎదుట ఏడాదంతా టిక్కులే. సహిత విద్య పేరుతో జరుగుతున్నది సహిత హాజరు. పిల్ల ఐదేళ్లు కళ్లెదుటే కూర్చుని ఏమీ నేర్వకుండా వెళ్లిపోతుంటే, ‘నమోదు పెరిగింది’ అని పండగ చేసుకోవడం మోసం.

ఖర్చు విషయానికొస్తే, సమగ్ర శిక్ష పథకం ప్రత్యేక అవసరాలున్న ఒక్కో పిల్లకు ఏడాదికి 3,500 రూపాయలు లెక్కకట్టింది. రోజుకు 9 రూపాయల 59 పైసలు. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండు. మిగతా రెండు నెలలు వైకల్యానికీ వేసవి సెలవులే. వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న ఆటల పోటీలు, గెలిచినవారికి స్టీలు గిన్నె.

చివరగా, ప్రైవేటు రంగం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా వివక్ష లేకుండా ఈ పిల్లల్ని చేర్చుకునేలా ప్రభుత్వం ప్రయత్నించాలని వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షను అంటుంది. గుర్తింపు పత్రం రిసెప్షన్‌లో ఫ్రేము కట్టి ఉంటుంది, గేటు మీద ‘ఇంక్లూజివ్ క్యాంపస్’ ఫ్లెక్సీ ఉంటుంది. ఆ రెండింటి మధ్య కూర్చున్న తండ్రికి వినబడే మాట: “మీ బాబు మంచికే చెప్తున్నాం సార్, వేరే స్కూలు చూసుకోండి.” పట్టుబట్టి చేర్పిస్తే బాబు పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచరును ఆయనే వెతుక్కోవాలి, జీతం ఆయనే ఇచ్చుకోవాలి. ఫీజులో తగ్గింపు ఉండదు. ఇక్కడ ర్యాంపు మాత్రం అచ్చంగా అడుగుకు 12 అడుగుల లెక్కన, గ్రానైటు పరిచి, స్టీలు కడ్డీలతో ఫీజు కౌంటరు దాకా ఉంటుంది.