గొట్టానికి ముక్కెందుకు?

హుజూర్‌నగర్‌లో కొత్త కాంప్లెక్సు ఏది లేచినా చుట్టూ అద్దాలే. కిటికీ తెరుచుకునే యోగం దేనికీ ఉండదు. ఈ మధ్య ఒక ఓనరు, గర్భగుడి చూపిస్తున్నంత భక్తిగా, "సెంట్రల్ ఏసీ సార్" అంటూ నన్ను తిప్పాడు. ఫాల్స్ సీలింగ్ పైన పాకే ఆ రేకు గొట్టంలో పొగను పసిగట్టే డిటెక్టరు ఎక్కడని అడిగాను. ఆస్తిలో వాటా అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"గొట్టానికి ముక్కెందుకు సార్? వాచ్‌మన్ ఉండె గదా!"

ఉన్నాడు. దోమలకు పొగ పెట్టుకుని, ఆ పొగలోనే హాయిగా నిద్రపోతాడు కూడా.

గొట్టానికి మన రేషన్ షాపులకు లేని నిజాయితీ ఉంది. చల్లగాలైనా పొగైనా అన్ని గదులకూ ఒకే తూకం. కింద ఎక్కడో వైరు కాలితే మూడో అంతస్తులో చీరలు మడతపెడుతున్న పిల్లకు తన వాటా ముట్టాల్సిందే. పైగా ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పొగను గొట్టం లాగేసుకుంటుంటే, గది కప్పుకు బిగించిన డిటెక్టరుకు వాసన కూడా ఆలస్యంగానే తగలొచ్చు. అందుకే గొట్టంలోనే ఒక డిటెక్టరు పెట్టి, అది పొగను పట్టగానే ఫ్యాను ఆగేలా, గొట్టానికి అడ్డుతలుపు లాంటి ఫైర్ డ్యాంపరు మూసుకునేలా వైరింగు చేస్తారు.

"డ్యాంపరు ఉంది సార్, వేడికి లింకు కరిగి దానంతటదే పడుతుంది" అని ఏసీ మేస్త్రి అడ్డొచ్చాడు. నిజమే. మామూలుగా ఆ లింకు కరగాలంటే 70 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. గొట్టంలో అంత దూరం నడిచొచ్చేసరికి పొగ చల్లబడిపోతుంది. లింకు కరగదు, మనిషి ఒరుగుతాడు.

2011 డిసెంబరు 9న కోల్‌కతా ఏఎంఆర్‌ఐ ఆసుపత్రిలో జరిగింది ఇదే. నిప్పు బేస్‌మెంట్లో, చావులు పై అంతస్తుల్లో. ఏసీ గొట్టాలు పట్టుకుని పొగ పైకెక్కింది. దాదాపు 90 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది మంచం దిగలేని రోగులు. అంత దూరమెందుకంటే, సికింద్రాబాద్ రూబీ హోటల్లో 2022 సెప్టెంబరు 12న ఎనిమిది మంది. సెల్లారులో ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే మెట్లదారే పొగగొట్టమైంది. ఆర్నెల్లకు అదే ఊళ్లోని స్వప్నలోక్ కాంప్లెక్సు‌లో ఆరుగురు, అందరూ ఉద్యోగానికి పట్నం వచ్చిన మనలాంటి ఊళ్ల పిల్లలు. వాళ్లను చంపింది మంట కాదు, పొగ.

మెట్లదారినీ కారిడారునూ ఏసీ తిరుగుగాలికి దారిగా వాడొద్దని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. మా ఓనర్లు దాన్ని అక్షరాలా పాటిస్తారు. వాళ్ల మెట్లదారిలో గాలికే కాదు, మనిషికీ దారుండదు. అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, పోయిన దసరా ఆఫరు ఫ్లెక్సీ.

ఇక చట్టం. వాణిజ్య భవనం 15 మీటర్లకు చేరితే ఫైర్ ఎన్‌ఓసీ కావాలి. అందుకే మావాళ్ల భవనాలు 14 మీటర్ల 90 సెంటీమీటర్ల దగ్గర వినయంగా తలవంచుతాయి. మిగతా పది సెంటీమీటర్లకు జడిసి పొగ గడప దగ్గరే చెప్పులు విడిచి నిలబడుతుందని నమ్మకం.

నా నస పడలేక చివరికి ఆ ఓనరు డిటెక్టరు ఒకటి బిగించాడు. ప్రారంభోత్సవం నాడు హోమం పొగ గొట్టంలోకి పోయింది. అది గుండెలు అదిరేలా మోగింది, ఫ్యాను టక్కున ఆగింది, పురోహితుడు మంత్రం మరిచాడు. "మంచిగ పనిజేస్తుంది సార్!" అని ఓనరు మురిసిపోయి, నిచ్చెన తెప్పించి, దాని వైరు పీకించాడు.