కాపర్ వైండింగ్, ఖుదా కసమ్

పాతబస్తీలో యంత్రాలు చావవు. మిక్సీ తిరక్కపోతే బుష్ పోయిందంటారు, ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాస్ తక్కువైందంటారు, టీవీలో బొమ్మ రాకపోతే పక్కన రెండు తగిలించమంటారు. ఫలానాది చచ్చింది, ఇక కొత్తది కొనుక్కోండి అని తేల్చిచెప్పే మనిషి కావాలంటే మూసీ దాటి అవతలికి పోవాలి. అక్కడ మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడు ఫోన్లో ఏదో నొక్కి, ‘ఈ మోడల్ బందైంది సార్, స్పేర్లు రావు’ అని సంతాపం తెలిపి, అదే నోటితో ఎక్స్ఛేంజ్ ఆఫర్ చదువుతాడు.

మా కూలర్‌కు ఆ గతి పట్టే వీలు లేదు. దానికి మోడల్ అంటూ ఉంటే కదా! లాల్ దర్వాజా దగ్గర వెల్డింగ్ షాపులో మా నాయన స్టూలు వేసుకుని కూర్చుని మరీ చేయించిన ఇనప రేకు డబ్బా అది. మూడు వైపులా గడ్డి, అడుగున నీళ్ళు, నీళ్ళలో చిన్న పంపు, ముందు 18 అంగుళాల ఫ్యాను. స్విచ్ వేస్తే ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినపడదు. మా కాపురం ఇన్నేళ్ళు సాఫీగా సాగడానికి అదీ ఒక కారణమే.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, అది ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. కాలిన వార్నిష్ వాసన హాలంతా నిండింది. ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది.

మావాడు ఏసీ అన్నాడు. మాది డంగు సున్నం గోడల ఇల్లు. పైకప్పు కింద అద్దాల్లేని వెంటిలేటర్లు, వాటిలో తరతరాలుగా స్థిరపడ్డ పావురాలు. ఏసీ పెడితే చల్లబడేది గౌలిపురా మొత్తం, బిల్లొచ్చేది మాత్రం మా పేరు మీద.

అమ్మ ఇంకో మాట చెప్పింది. “మిరుగం దాకా ఆగు బిడ్డా, సగం ధరకొస్తది.” ఆ మాటలో శాస్త్రం ఉంది. కూలర్ పొడి ఎండకు పుట్టిన యంత్రం. పొడిగాలి తడిగడ్డిలోంచి దూరేటప్పుడు నీటిని ఆవిరి చేసి, ఆ పనిలో తన వేడి తానే పోగొట్టుకుంటుంది. బెజవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళో ఇదే డబ్బా పెడితే చెమట మీద ఇంకో పొర చెమట. మన దగ్గరా నాలుగు చినుకులు పడ్డాయంటే దాని ఉద్యోగం పోయినట్టే. అందుకే మృగశిర వచ్చిందంటే ఈ ఊళ్ళో రెండు దిగుతాయి. ఒకనాడు దూద్‌బౌలిలో మొదలైన చేప మందు జనం గొంతుల్లోకి, కూలర్ల ధర కిందికి.

“అప్పటిదాకా మేం బతికుండాలె గద అత్తమ్మా” అంది మా ఆవిడ.

“1966 చూసినోళ్ళం మేం. అప్పుడు కూలరున్నదా, ఏమున్నది?” అంది అమ్మ. ఇది నిజమే. ఆ ఏడు జూన్ 2న హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు కొట్టింది. దానికి ఎదురు చెప్పలేక మా ఆవిడ విసనకర్రను గాలి కోసం కాకుండా చప్పుడు కోసం ఊపడం మొదలుపెట్టింది.

సరే, ముందు పాతదాని సంగతి తేలుద్దామని గల్లీలో అరుస్తూ పోతున్న పాత సామాన్ల అతణ్ణి పిలిచాను. మోటర్ చేత్తో ఎత్తి, కాసేపు దాని ఆత్మశాంతికి మౌనం పాటించి, “అల్యూమినియం వైండింగ్ సార్, ఏం రాదు” అన్నాడు. నూట యాభై ఇస్తానన్నాడు. అదే వారం ఒక దుకాణంలో సరిగ్గా ఇలాంటి మోటర్ చూపించి “వంద శాతం కాపర్” అని ప్రమాణం చేశారు మరి! మనం అమ్మేటప్పుడు అల్యూమినియం, మనం కొనేటప్పుడు రాగి. వేమన ఇనుమును బంగారం చేసే పసరు కోసం కొండలూ కోనలూ తిరిగాడంటారు. ఆయన మా గల్లీ దాకా వచ్చి ఉంటే అంత శ్రమ తప్పేది.

ఈ దశలో పక్కింటి చిచ్చా రంగంలోకి దిగాడు. ఆయన రిటైరైన లైన్‌మన్. కరెంటు ఉన్నదీ లేనిదీ టెస్టర్‌తో కాక వేలి వెనకభాగంతో చూసే తరం. కూలర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “డబ్బే కో క్యా హువా బేటా? డబ్బా కభీ మర్తా?” అన్నాడు. డబ్బాకు చావు లేదు, ఆత్మ మారిస్తే చాలని తీర్పు. ఆత్మలు దొరికే చోటు కూడా ఆయనే చెప్పాడు. జుమ్మెరాత్ బజార్.

పేరుకు తగ్గట్టు గురువారం గురువారం పురానాపూల్ దగ్గర సాగే సంత అది. ఆ వంతెన 1578 నాటిది, చార్మినార్ 1591 నాటిది. అంటే ఊరి కంటే ముందు ఊరికి దారి పుట్టింది. పాత సామాను అమ్ముకోవడానికి ఇంతకంటే పాత చోటు ఎక్కడ దొరుకుతుంది! నేల మీద పరిచిన ఒక్కో పట్టా ఒక్కో మ్యూజియం. టీవీల్లేని రిమోట్లు, మూతల్లేని మిక్సీ జార్లు, వాటి పక్కనే ఏ జార్‌కూ పట్టని మూతలు, ఇత్తడి నల్లాలు, కుడికాలి బూటు ఒక్కటే, ఎవరి పెళ్ళిదో ఫోటో లేని ఫోటో ఫ్రేము. జనం వంగి వెతుకుతుంటారు. పోగొట్టుకున్నవాళ్ళెవరో, కొనవచ్చినవాళ్ళెవరో ముఖాలు చూసి పోల్చుకోలేం.

మోటర్ల ముందు చిచ్చా గొంతుక్కూర్చున్నాడు. నా చేతి సంచిలో మా చచ్చిన మోటర్ ఉంది. దాన్ని ముందే బయటికి తీయొద్దని దారిలోనే ఆజ్ఞ. అమ్మే కుర్రాడు ఒక మోటర్ తీసి తుడిచాడు. “ప్యూర్ కాపర్, ఖుదా కసమ్.” పక్కన చాయ్ బండి ప్లగ్గులోకి రెండు వైర్లు గుచ్చాడు. మోటర్ గర్జించింది. చాయ్‌వాలా బల్బు సిగ్గుపడి తలదించుకుంది.

“గ్యారంటీ?” అన్నాను.

“ఇన్సాన్ కీచ్ గ్యారంటీ నై సాబ్, మోటర్ కీ కాఁ సే దేవుఁ?”

మనిషికే గ్యారంటీ లేదట. కంపెనీవాళ్ళు నాలుగు పేజీల్లో చిన్న అక్షరాలతో రాసి ఇచ్చేది కూడా ఇదే కదా.

ధర పద్దెనిమిది వందలన్నాడు. చిచ్చా లేచి, మోకాళ్ళు దులుపుకుని, “పసంద్ నై” అన్నాడు.

ఈ మాటకు మా ఊళ్ళో రాచమర్యాద ఉంది. 1891లో సిమ్లా నుంచి జాకబ్ అనే వర్తకుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఒక వజ్రం అమ్మజూపాడు. కోటీ ఇరవై లక్షల దగ్గర మొదలైన బేరం 46 లక్షలకు దిగింది. 23 లక్షలు ముందే డిపాజిట్ కట్టారు. తీరా వజ్రం చేతికొచ్చాక నిజాం నచ్చలేదన్నాడు. గొడవ కలకత్తా హైకోర్టుకెక్కింది. అంతా అయ్యాక చూస్తే వజ్రం నిజాం దగ్గరే ఉంది, జాకబ్‌కు మిగతా సగం రానే లేదు. నచ్చని ఆ వజ్రాన్ని కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చెప్పులో దొరకబుచ్చుకుని, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. 1995లో నిజాం నగలన్నీ కలిపి 218 కోట్లకు కొన్న భారత ప్రభుత్వం మాత్రం ‘నచ్చలేదు’ అనడం మరిచిపోయినట్టుంది.

నచ్చలేదన్నాక నడవడంలో ఉంది అసలు విద్య. వేగంగా నడిస్తే నిజంగానే పోతున్నాడనుకుంటారు, మెల్లగా నడిస్తే పిలవాలని చూస్తున్నాడనుకుంటారు. చిచ్చా రెండడుగులు వేసి, ఏ సంబంధం లేని ఒక నల్లా దగ్గర ఆగి, దాన్ని ప్రేమగా తిప్పి చూడసాగాడు. “ఆవో చిచ్చా, ఆప్ కిత్తే దేతే బోలో” అని వెనక నుంచి కేక. అక్కణ్ణించి తొమ్మిది వందలకు దిగడానికి ఒక చాయ్ పట్టింది. చాయ్ కుర్రాడే తెప్పించాడు.

అప్పుడు వచ్చింది నా సంచి బయటికి. కుర్రాడు ఒక్క చూపు చూసి, “ఏ తో అల్యూమినియం హై” అన్నాడు. చిచ్చా జేబులోంచి చాకు తీశాడు. వార్నిష్ మీద చూస్తే రెండు రకాల తీగలూ ఎర్రగానే మెరుస్తాయి. గోకితేగానీ జాతి బయటపడదు. మా మోటర్ తీగ గోకాడు, లోపల ఎర్రగానే ఉంది. కుర్రాడి మోటర్ తీగ గోకాడు, తెల్లగా నవ్వింది. చాలదన్నట్టు పక్క పట్టా మీది తరాజులో రెంటినీ ఎదురెదురుగా పెట్టించాడు. రాగి అల్యూమినియం కంటే మూడింతలకు పైగా బరువు. మాది ఠక్కున కిందికి దిగింది.

కుర్రాడు తరాజు వైపు, చిచ్చా వైపు చూసి, “ఇస్మే లోహా జ్యాదా హై” అన్నాడు. మా దాంట్లో ఇనుమెక్కువట. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ నిబ్బరానికి నేను మనసులో సలాం కొట్టాను. చివరికి మా రాగి శవానికి నాలుగు వందలు కట్టి, ప్రాణమున్న అల్యూమినియం మోటర్ మా చేతిలో పెట్టాడు. నేనిచ్చింది అక్షరాలా ఐదు వందలు. కాపర్దే కావాలంటే రెండో గల్లీలో ఉందని, దానికైతే ఖుదా కసమ్ రెండుసార్లు వేస్తానని కూడా అన్నాడు.

సాయంత్రానికి డబ్బాలో ఫ్యాను తిరిగింది. ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఇంట్లో శాంతి నెలకొంది.

ఈ ఊళ్ళో వస్తువు కొని తెచ్చాక మొదటి ప్రశ్న ‘ఎట్లున్నది’ కాదు, ‘ఎంతకొచ్చింది’. జవాబు ఏదైనా సరే, ‘ఎక్కువ పెట్టినవ్’ అంటారు. ఆ సంగతి మా ఆవిడకు తెలుసు. అందుకని ఎదురింటావిడతో, ఐదు వందలని నేను చెప్పిన మాటను నాలుగు వందలు చేసింది. అమ్మ సిద్దిపేటలో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేసేసరికి అది మూడు వందలైంది, మోటర్ కాస్తా ఫ్యాను సెట్టయింది. చిన్నమ్మ ఇంకెవరికి చెప్పిందో, వాళ్ళు ఇంకెవరికి చెప్పారో! ధర దిగుతున్నకొద్దీ సామాను పెరుగుతూ పోయింది.

ఆదివారం పొద్దున వరంగల్ నుంచి మా బావమరిది ఫోన్. “బావా, రెండొందల యాభైకి కొత్త కూలర్ తెచ్చినవంట గద! నాకూ ఒకటి పట్టరాదు.” అలా కాదురా అని నేను మొదలుపెట్టేలోపే మా డబ్బా హోరెత్తింది. ఆ చప్పుడులో అతనికి ఏం వినపడిందో, సరే సరే అని ఫోన్ పెట్టేశాడు. మరో నిమిషంలో నా ఖాతాలో మూడు వందలు పడ్డాయి. కింద మెసేజ్: ‘కాపర్ దే చూడు బావా. మిగిలిన యాభై నువ్వు చాయ్ తాగు.’